మీ ఇంటి చెత్తకు సరిపడే గళ్ల అర: కొలతలు, తయారీ, వాడకం

హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ 2015లో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం రంగు బుట్టలు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) కార్యక్రమంలో పట్టణాల్లోని ఇళ్లకు మూడేసి బుట్టలు వచ్చాయి. తడి చెత్తకు ఆకుపచ్చది, పొడి చెత్తకు నీలం, ప్రమాదకరమైన వాటికి ఎరుపు. చాలా మంచి ప్రయత్నాలివి. అయినా ఆ బుట్టలు ఎన్నో ఇళ్లలో ఇప్పుడు ఉల్లిపాయలకో, బట్టల క్లిప్పులకో వాడుకలో ఉన్నాయి. జనానికి శ్రద్ధ లేదని తేల్చేయడం అన్యాయమని నా అభిప్రాయం. ఇచ్చిన బుట్టలన్నీ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉన్నాయి, ఇంట్లో పుట్టే చెత్త మాత్రం అలా ఉండదు. తడి చెత్త బరువుగా ఉంటుంది, రోజూ గడప దాటాల్సిందే. పొడి చెత్త తేలిక, కానీ చోటంతా ఆక్రమిస్తుంది, వారం ఆగినా చెడిపోదు. పాడైన బ్యాటరీలు, గడువు తీరిన మాత్రలు నెలకు గుప్పెడుకు మించవు. వీటన్నిటికీ ఒకే కొలత బుట్ట ఇస్తే ఒకటి పొంగిపోతుంది, ఇంకొకటి ఖాళీగా పడి ఉంటుంది.

కాబట్టి డబ్బా కొనడంతో మొదలుపెట్టకండి. ఏ చెత్త ఎన్ని రోజులకు ఒకసారి ఇల్లు దాటుతుందో చూసి, దాన్నిబట్టి డబ్బా పరిమాణం తేల్చుకోండి. ఆ డబ్బాలన్నీ ఒకే కొలత గళ్లలో ఇమిడేలా ఒక అర చేయించుకుంటే, ఇంటి అవసరం మారినప్పుడల్లా డబ్బాల చోటు మార్చుకోవచ్చు. అద్దె ఇంట్లో ఉన్నవారికి ఇది ఇంకా అనుకూలం. గోడకు పెద్దగా మేకులు కొట్టనక్కర్లేదు, ఇల్లు మారితే అర కూడా వెంట వస్తుంది.

ముందు ఒక వారం కొలవండి

2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం ఇంటి చెత్తను నాలుగు రకాలుగా విడదీయాలి: తడి చెత్త, పొడి చెత్త, శానిటరీ చెత్త, ప్రత్యేక జాగ్రత్త అవసరమైన చెత్త. అంతకుముందున్న 2016 నియమాల్లో ఇవి మూడే రకాలు. శానిటరీ ప్యాడ్లు, డైపర్లను చుట్టి పొడి చెత్తలో వేయమని అప్పట్లో చెప్పేవారు. ఇప్పుడు అవి వేరుగా ఉండాలి. అందుకే పాత బుట్టలు ఉన్నవారు కూడా అమరికను ఒకసారి సరిచూసుకోవలసిన సమయమిది.

వారం పాటు నాలుగు పాత సంచులో బకెట్లో పెట్టుకుని ఇంటి చెత్తను విడివిడిగా వేయండి. రోజూ ఒకే వేళకు, ఉదాహరణకు రాత్రి వంటగది సర్దేటప్పుడు, ఏ రకం ఎంత వచ్చిందో లీటర్లలో రాసుకోండి. కిలోల లెక్క ఇక్కడ అంతగా పనికిరాదు. డబ్బాలో పట్టాల్సింది చెత్త ఆక్రమించే చోటు కనుక లీటర్లే కావాలి. మగ్గుతో నీళ్లు పోసి బకెట్‌కు లోపలివైపు 2 లీటర్లకు ఒక గీత చొప్పున పెయింటుతో గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది. పొడి చెత్తను కొలిచే ముందు సీసాలను నొక్కి, అట్టపెట్టెలను విప్పి చదును చేయండి. అలా చేయకపోతే లెక్క రెట్టింపు వస్తుంది.

ఈ వారంలోనే ఇంకొకటి గమనించండి: చెత్త ఎవరి చేతుల మీదుగా డబ్బాలోకి వెళుతోంది? చాలా ఇళ్లలో కూరగాయలు తరిగేది ఒకరు, అంట్లు తోమేది ఇంకొకరు, ఇల్లు ఊడ్చేది పనికి వచ్చే అమ్మ. ఆమె ఎక్కడ నిలబడి పళ్లెంలో మెతుకులు దులుపుతుందో, ఏ చేత్తో దులుపుతుందో ఆమెనే అడగండి. ఇంటి యజమాని ఒక్కరే కూర్చుని గీసుకున్న అమరిక ఎంత అందంగా ఉన్నా ఎక్కువ రోజులు నిలవదు.

లెక్క ఇలా కట్టండి

ఒక్కో రకానికి రోజుకు వచ్చే లీటర్లను, రెండు సేకరణల మధ్య వచ్చే అతి ఎక్కువ రోజులతో గుణించండి. దానికి పావు వంతు కలపండి. అదే ఆ డబ్బా పరిమాణం.

నలుగురున్న ఇంట్లో రోజుకు రెండున్నర లీటర్ల తడి చెత్త వస్తుందనుకుందాం. బండి రోజూ వచ్చినా ఆదివారమో పండగో ఒక రోజు తప్పవచ్చు కాబట్టి 2 రోజులు వేసుకోండి. 5 లీటర్లకు పావు కలిపితే ఆరుంబావు లీటర్లు. 8 నుంచి 10 లీటర్ల బకెట్ చాలు. పొడి చెత్త రోజుకు 4 లీటర్లు వచ్చి, దాన్ని వారానికి రెండుసార్లు తీసుకెళితే అతి ఎక్కువ వ్యవధి 4 రోజులు. 16 లీటర్లకు పావు కలిపితే 20 లీటర్లు. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలు. మీ ఇంటి అంకెలు మీ వారపు పట్టికలోనే ఉన్నాయి.

తడి చెత్తకు పెద్ద డబ్బా పెట్టాలనే కోరికను ఇక్కడే వదులుకోండి. డబ్బా పెద్దదైతే ‘ఇంకా నిండలేదుగా’ అని రెండో రోజుకు, మూడో రోజుకు ఆపుతాం. వేసవిలో ఈగ గుడ్డు ఒక్క రోజులోనే పొదుగుతుంది, వారం పది రోజుల్లో కొత్త ఈగ ఎగురుతుంది. తడి డబ్బా చిన్నగా ఉండి రోజూ ఖాళీ అయితేనే ఆ చక్రం తెగుతుంది.

గడి కొలతకు నూనె డబ్బా ఆధారం

గళ్లన్నీ ఒకే కొలతలో ఉండాలంటే ఎక్కడైనా దొరికే ఒక వస్తువును ప్రమాణంగా తీసుకోవడం మేలు. హోటళ్లలో, మిఠాయి దుకాణాల్లో ఖాళీ అయ్యే 15 కిలోల వంటనూనె రేకు డబ్బా ఇందుకు చక్కగా సరిపోతుంది. అడుగు చదరంగా ఉంటుంది కాబట్టి పక్కపక్కన పెడితే మధ్యలో చోటు వృథా కాదు. అడుగు దాదాపు 23.5 సెంటీమీటర్ల చదరం, ఎత్తు 35 సెంటీమీటర్ల లోపు, లోపల 19 లీటర్ల దాకా పడుతుంది. పాత సామాన్ల దుకాణాల్లోనూ ఇవి దొరుకుతాయి. కొనేటప్పుడు టేపుతో కొలిచి చూసుకోండి, తయారీని బట్టి స్వల్ప తేడాలుంటాయి.

ఈ డబ్బా పైరేకును మీరే కత్తెరతో కోయకండి. కోసిన అంచు చేతిని బ్లేడులా తెంచుతుంది. రేకు పని చేసేవారి దగ్గర కోయించి, అంచును లోపలికి మడిచి సుత్తితో కొట్టించండి. రెండు పక్కలా పై అంచుకు కొంచెం కింద రంధ్రాలు పెట్టించి నైలాన్ తాడుతో పిడి కట్టుకోండి. నూనె జిడ్డును వేడి నీళ్లు, గిన్నెల సబ్బుతో రెండుసార్లు కడిగి పూర్తిగా ఆరాక బయటివైపు నీలం పెయింటు వేయండి. రేకు డబ్బా పొడి చెత్తకే. పులుపూ ఉప్పూ తగిలితే అడుగు తుప్పు పట్టి కారుతుంది కాబట్టి తడి చెత్తకు ప్లాస్టిక్ బకెట్టే వాడాలి. మూతతో సహా నోటి దగ్గర 26 సెంటీమీటర్లు, ఎత్తు 25 సెంటీమీటర్లు మించని బకెట్ చూసుకోండి.

డబ్బా 23.5, బకెట్ 26. రెండూ ఒకే గడిలో పట్టాలి, తీసి పెట్టడానికి కొంచెం వదులు ఉండాలి. అందుకే గడి లోపలి కొలత 27 సెంటీమీటర్ల చదరం. ఇక మీదట అన్నిటికీ ఈ 27 అంకే ఆధారం.

చట్రం చేయించడం

వెల్డింగ్ దుకాణంలో అంగుళం చదరపు ఇనుప పైపు 20 అడుగుల పొడవులో దొరుకుతుంది. అలాంటివి రెండు చాలు. మొదటి పైపు నుంచి 90 సెంటీమీటర్ల ముక్కలు ఆరు కోయించండి. ఇవి నిలువు కాళ్లు, ముందు మూడు, వెనక మూడు. రెండో పైపు నుంచి 27 సెంటీమీటర్ల ముక్కలు ఇరవై ఒకటి కోయించండి. అడ్డంగా వచ్చేవన్నీ ఇవే. ఒక్కో అంతస్తుకు ఏడు: ముందు రెండు, వెనక రెండు, ముందు నుంచి వెనక్కి మూడు. మూడు అంతస్తులకు ఇరవై ఒకటి సరిపోతాయి. కోయాల్సిన పొడవులు రెండే కాబట్టి దుకాణంలో కొలత తప్పే అవకాశం తక్కువ.

కింది అంతస్తు పైభాగం నేల నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. చీపురు, తడిగుడ్డ కిందికి వెళ్లేంత ఖాళీ లేకపోతే అక్కడే బొద్దింకలు చేరతాయి. మధ్య అంతస్తు అడుగు నేల నుంచి 58 సెంటీమీటర్ల దగ్గర రావాలి. అంటే 35 సెంటీమీటర్ల డబ్బాపైన మరో 7, 8 సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. కింది డబ్బాలను అరలోంచి ముందుకు లాగి వాడతాం కనుక అంతకన్నా ఎక్కువ ఖాళీ అక్కర్లేదు. మూడోది నిలువు కాళ్ల కొసల దగ్గర, 90 సెంటీమీటర్ల ఎత్తులో. దానిమీద పలక ఉండదు, పై గళ్లలోని డబ్బాలు పక్కకు ఒరగకుండా పట్టి ఉంచే చట్రం అది. వాటిని నిలువుగా పైకి ఎత్తి బయటికి తీస్తాం.

మొత్తం వెడల్పు 62 సెంటీమీటర్లు, లోతు 32. ఫ్లాట్లలో వంటగది వెనక ఉండే యుటిలిటీలో వాషింగ్ మెషీన్ పక్కన ఇది పడుతుంది. ముఖ్యంగా చూడాల్సింది పై వరుస ఎత్తు. మధ్య అంతస్తు మీద 25 సెంటీమీటర్ల బకెట్ పెడితే దాని నోరు నేల నుంచి 86, 87 సెంటీమీటర్లకు వస్తుంది. మన వంటగట్లు కూడా ఇంచుమించు అంతే ఎత్తు. తరిగిన తొక్కలను పళ్లెంతో పాటు తెచ్చి, నడుము వంచకుండా తోసేయవచ్చు. కీళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ ఒక్క కారణానికే ఈ అర చేయించుకోవచ్చు. వంగాల్సిన పని లేకపోతే చెత్తను వేరు చేయడం వాళ్లకు భారమనిపించదు.

వెల్డింగ్ అయ్యాక అతుకులను అరగదీయించి, రెడ్ ఆక్సైడ్ ఒక పూత, దానిమీద ఎనామెల్ రెండు పూతలు వేయించండి. కాళ్లకు రబ్బరు తొడుగులు తప్పనిసరి. అవి లేకపోతే కడిగిన నీళ్లు పైపు కొసల్లోకి చేరి ఇనుమును లోపలి నుంచి తినేస్తాయి. కింది అంతస్తుకు, మధ్య అంతస్తుకు 12 మిల్లీమీటర్ల డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) పలకలు, 29 సెంటీమీటర్ల చదరంవి నాలుగు, కాళ్లు తగిలే మూలలు కొద్దిగా కోసి పరచండి. మామూలు ప్లైవుడ్ వద్దు, ఈ తడికి ఒక్క వానాకాలం కూడా ఆగదు. పలకలను మేకులతో బిగించకండి, తీసి కడగడానికి వీలుగా ఉండాలి. అరను గోడకు ఆనించకుండా నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టండి.

ఒంటరిగా ఉండేవారికి రెండు గళ్ల నిలువు అర చాలు, కాళ్లు నాలుగు, అడ్డముక్కలు పన్నెండు. ఉమ్మడి కుటుంబానికి పక్కన మరో వరుస కలుపుకోవచ్చు. గడి కొలత మాత్రం మార్చకండి.

తడి డబ్బా

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ దీనికే కావాలి. వాసన, ఈగలు, కారడం అన్నీ ఇక్కడివే. మూలకారణం నీరు. అన్నం, పులుసు ముక్కలు, పండ్ల తొక్కలు వీటిలో ఎక్కువ భాగం నీరే. ఆ నీరు అడుగున చేరి గాలి ఆడకపోతే కుళ్లు వాసన మొదలవుతుంది. నీటిని చెత్త నుంచి విడదీస్తే సమస్య సగం తీరుతుంది.

బకెట్ లోపల పట్టే, రంధ్రాలున్న ప్లాస్టిక్ బుట్ట ఒకటి తీసుకోండి. కూరగాయలు కడిగే బుట్టల్లాంటిది. దాని అడుగు బకెట్ అడుగుకు 4 సెంటీమీటర్ల ఎత్తులో నిలవాలి. బుట్ట అంచు బకెట్ అంచుకు తగులుకుని నిలిస్తే మంచిది, లేదంటే అడుగున రెండు ప్లాస్టిక్ గిన్నెలు బోర్లించండి. బుట్టలో పాత వార్తాపత్రిక ఒక పేజీ నిలువునా మడిచి నాలుగు వైపులా పరవండి. అది తేమ పీల్చుకుంటుంది, ఖాళీ చేసేటప్పుడు చెత్తతోపాటు జారిపోతుంది, బుట్టకు ఏమీ అంటదు. పత్రిక తెప్పించుకోని ఇళ్లలో పక్కింటివాళ్లను అడగండి. నల్ల ప్లాస్టిక్ కవరు మాత్రం వేయకండి. ఎరువు తయారుచేసే చోట ఎవరో ఒకరు దాన్ని చేత్తో చించి విదిలించాలి, ముక్కలు ఎరువులోనే ఉండిపోతాయి.

మూత మధ్యలో అరచేయంత రంధ్రం కోసి, లోపలివైపు నుంచి దోమతెర జాలీ అతికించండి. తేమ బయటికి పోతుంది, ఈగ లోపలికి రాదు. బిగుతైన మూత వాసనను ఆపుతుందనుకుంటాం కానీ తెరిచిన ప్రతిసారీ దాచిన వాసనంతా ఒక్కసారిగా ముఖానికి కొడుతుంది. వానాకాలంలో తేమ మరీ ఎక్కువైతే కొబ్బరి పొట్టు గుప్పెడు చల్లండి.

ఇందులో ఏమి వేయాలో అందరికీ తెలుసు. ఏమి వేయకూడదో చెప్పుకోవాలి. మజ్జిగ, సాంబారు, గంజి లాంటివి పోయకండి, జల్లెడలో వంచి ముద్ద మాత్రమే వేయండి. దేవుడికి వేసిన పూలదండలు వేయవచ్చు, కానీ దారం లాగేశాకే. ఆ దారం ఎరువు యంత్రాల ఇరుసులకు చుట్టుకుంటుంది. కొబ్బరి చిప్పలు, పీచు, మామిడి టెంకలు కుళ్లేవే అయినా చాలా నెమ్మదిగా కుళ్లుతాయి, ఈ చిన్న బకెట్‌ను ఒక్క పూటలో నింపేస్తాయి. వాటికి గోనెసంచి ఒకటి బాల్కనీలో ఎండ తగిలే చోట పెట్టండి. ఆవకాయ రోజుల్లో ఆ సంచి లేకుండా కుదరదు. ఎండిన తర్వాత బరువు తగ్గి ఇవ్వడం సులువవుతుంది. ఊడ్చిన దుమ్మూ, తల వెంట్రుకలూ తడిలో కలపకండి, కాగితంలో పొట్లం కట్టి విడిగా ఇవ్వండి.

ఆదివారం సంగతి వేరే చెప్పాలి. చికెన్, చేపలు, రొయ్యలు వండుకునే రోజు అదే, చాలాచోట్ల బండి రాని రోజూ అదే. రొయ్యల పొట్టు మధ్యాహ్నం బకెట్‌లో పడితే సోమవారం ఉదయానికి ఇల్లంతా చెబుతుంది. చేపలు, రొయ్యలు బజారులోనే శుభ్రం చేయించుకోవడం మొదటి ఉపాయం. ఇంట్లోనే చేస్తే వ్యర్థాలను మూడు పొరల కాగితంలో చుట్టి, మూత గట్టిగా పట్టే చిన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. సోమవారం బండి వచ్చే వేళకే తీసి బకెట్‌లో వేయండి. ఫ్రిజ్‌లో పెట్టడం ఇష్టం లేనివారు శనివారం వండుకుంటే సరిపోతుంది.

పొడి గళ్లు

బెంగళూరులో కర్ణాటక హైకోర్టు 2015 డిసెంబరులో ఇచ్చిన ఆదేశంతో రెండు బుట్టలు, ఒక సంచి పద్ధతి తప్పనిసరి అయింది. పొడి చెత్తకు అక్కడ బుట్ట పెట్టలేదు, సంచి పెట్టారు. ఆ ఆలోచన నాకెంతో నచ్చుతుంది. పొడి చెత్త ఒకరోజు ఏమీ ఉండదు, మరునాడు ఇంటికొచ్చిన పార్శిల్ అట్టపెట్టెతో ఒక్కసారి ఉబ్బుతుంది. సాగే గుణం సంచికి ఉంటుంది, డబ్బాకు ఉండదు. అందుకని కింది రెండు గళ్లలో నూనె డబ్బాలు పెట్టుకుని, చట్రం పక్కన కొక్కెం ఒకటి వెల్డింగ్ చేయించి బియ్యం సంచి తగిలించండి.

మొదటి డబ్బాలో కాగితం, అట్ట. రెండో డబ్బాలో గట్టి ప్లాస్టిక్, లోహం, పగలని గాజు సీసాలు. సంచిలో పలచటి ప్లాస్టిక్: పాల ప్యాకెట్లు, పప్పుల కవర్లు, చిప్స్ పొట్లాలు, పార్శిళ్లకు చుట్టి వచ్చే కవర్లు. పాత సామాన్లు కొనేవారు మొదటి రెండూ తీసుకుంటారు, మూడోది చాలామంది తీసుకోరు. అది పురపాలక బండికే వెళుతుంది. కొనుగోలుదారు ఒకరు, బండి ఒకరు కాబట్టి గళ్లు కూడా అలాగే విడిపోవాలి.

పాల ప్యాకెట్ గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మన ఇళ్లలో ఇది రోజూ వస్తుంది. మూల కత్తిరించేటప్పుడు ఆ ముక్కను పూర్తిగా తెంచకండి, ఒక కొస అంటిపెట్టుకుని ఉండనివ్వండి. గోరంత ముక్క ఏ యంత్రానికీ, ఏ చేతికీ దొరకదు. కాలువలోకో, ఆవు కడుపులోకో పోతుంది. పాలు పోసుకున్నాక ప్యాకెట్‌లో అరగ్లాసు నీళ్లు పోసి ఆడించి, ఆ నీళ్లు మొక్కకు పోయండి. అరకు అడ్డంగా కట్టిన తీగకు క్లిప్పుతో తగిలిస్తే మధ్యాహ్నానికి ఆరిపోతుంది. ఆరిన ప్యాకెట్లు పది ఒకదాంట్లో ఒకటి దూర్చితే పిడికెడు. కడగని ప్యాకెట్ ఒక్కటి చాలు, సంచి మొత్తం పులిసిన కంపు కొట్టడానికి.

సందేహం వచ్చేవి కొన్ని. టీ కప్పు కాగితంలా కనిపించినా లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది, కడిగి సంచిలో వేయండి. అడ్డాకు విస్తరి, అరటాకు తడిలోకి. మెరిసే పూత ఉన్న కాగితం పళ్లేలు మాత్రం తడిలో వేయకండి. నూనె అంటిన అట్ట తడిలోకి, శుభ్రంగా ఉన్న సగం చించి కాగితం డబ్బాలోకి. మాత్రల ఖాళీ స్ట్రిప్పులు సంచిలోకి.

పగిలిన గాజు ఏ డబ్బాలోనూ వేయకూడదు. మందపాటి కాగితంలో చుట్టి, టేపు వేసి, ‘గాజు’ అని పెద్ద అక్షరాలతో రాసి, బండివారికి నోటితో చెప్పి చేతికి ఇవ్వండి. మన డబ్బాలో చేయి పెట్టేవారికి తమ చేయి ఎక్కడ తెగుతుందో తెలియదు. ఈ అమరిక అంతటిలో నేను పట్టుబట్టి చెప్పేది ఇదొక్కటే: మన చెత్తను మోసే మనిషి దాన్ని తాకాల్సిన, వెతకాల్సిన, విప్పాల్సిన అవసరం రాకూడదు.

శానిటరీ డబ్బా, ఎర్ర పెట్టె

శానిటరీ చెత్తకు కాలితో నొక్కితే మూత లేచే చిన్న డబ్బా బాత్రూమ్‌లోనే ఉండాలి. వాడిన ప్యాడ్‌ను, డైపర్‌ను వార్తాపత్రికలో చుట్టి దానిపై ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టండి. డైపర్‌లోని మలాన్ని ముందు టాయిలెట్‌లో దులపండి. పసిపాప ఉన్న ఇంట్లో ఈ చెత్త రోజుకు ఐదారు లీటర్లు కూడా దాటవచ్చు. అప్పుడు పై వరుసలో తడి డబ్బా పక్కన ఖాళీగా ఉన్న నాలుగో గడిని దీనికి కేటాయించి, మూత ఉన్న రెండో బకెట్ పెట్టండి. పాప పెద్దదయ్యాక ఆ గడి మళ్లీ కాగితానికో, ఎరువు బకెట్‌కో ఖాళీ అవుతుంది. గళ్లన్నీ ఒకే కొలతలో ఉంచమని అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

ప్రత్యేక జాగ్రత్త అవసరమైన వాటికి బూట్ల పెట్టె అంత ఎర్ర ప్లాస్టిక్ పెట్టె చాలు. ఇది అరలో ఉండకూడదు. అర పైన గోడకు, నేల నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో, గడియ ఉన్న మూతతో బిగించండి. ఈ అమరిక మొత్తానికి గోడకు రంధ్రం పెట్టేది అక్కడొక్కచోటే. గుండీల్లా ఉండే చిన్న బ్యాటరీని పిల్లలు మింగితే ప్రాణాపాయం, అందుకే ఆ ఎత్తు. బ్యాటరీల రెండు కొసలకూ టేపు అంటించి వేయండి, లిథియం బ్యాటరీలు చెత్తను నొక్కే బండ్లలో నలిగి నిప్పు రాజేస్తాయి. ట్యూబ్‌లైట్లు, సీఎఫ్ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది. కొత్తది వచ్చిన అట్టపెట్టెలోనే పాతదాన్ని పెట్టి విడిగా ఉంచండి. గడువు తీరిన మందులు, పెయింటు డబ్బాలు, పురుగుమందు సీసాలు కూడా ఈ కోవలోవే.

ఇన్సులిన్ తీసుకునేవారు ఉన్న ఇంట్లో సూదులకు వేరే సీసా కావాలి. మందపాటి గోడ, మరమూత ఉన్న ఖాళీ ఫినాయిల్ సీసా మంచిది. మూడొంతులు నిండగానే మూత బిగించి, టేపు చుట్టి, ‘సూదులు’ అని రాయండి. మీరు వెళ్లే ఆసుపత్రిలోనో రక్తపరీక్షల కేంద్రంలోనో తీసుకుంటారేమో అడగండి. తీసుకోకపోతే బండివారికి చెప్పి విడిగా ఇవ్వండి. సూది ఊరికే కవర్‌లో పడిందంటే అది పారిశుద్ధ్య కార్మికుడి చేతిలో గుచ్చుకునే ప్రమాదం ఉంది.

బొమ్మలు అంటించండి

డబ్బా మీద ‘పొడి చెత్త’ అని రాస్తే చదివేవారికి మాత్రమే ఉపయోగం, వారికి కూడా టీ కప్పు ఎందులో వేయాలో ఆ రెండు మాటలు చెప్పవు. మీ ఇంట్లో రోజూ వచ్చే వస్తువులను ఫోనుతో ఫొటో తీసి ప్రింటు వేయించి అంటించండి: మీరు కొనే పాల ప్యాకెట్, మీ పప్పు కవరు, మీ మాత్రల స్ట్రిప్పు. ఒక్కో డబ్బాకు ఐదారు బొమ్మలు చాలు. పైన ప్లాస్టిక్ పొర వేయిస్తే తడవవు. బొమ్మలు కంటికి ఎదురుగా, డబ్బా నోటి దగ్గర ఉండాలి. కింది వరుస డబ్బాలకైతే ముందువైపు పై అంచున అంటించండి, లాగేముందే కనిపిస్తాయి. ఎనిమిదేళ్ల పిల్లలకు ఈ ఫొటోల పని అప్పగించండి, ఆ తర్వాత ఇంట్లో తప్పు డబ్బాలో వేసిన వారిని పట్టుకునేది వాళ్లే.

బండికి ఇచ్చేటప్పుడు

తడి బుట్టను బకెట్‌లోంచి ఎత్తి బండిలో తిరగేస్తే చెత్త కాగితంతో సహా జారిపోతుంది. అడుగున చేరిన నీటిని మోరీలో పోసి బకెట్‌ను ఒకసారి కడిగి, పది నిమిషాలు బోర్లించి, కొత్త కాగితం పరవండి. వారానికోసారి బుట్టను ఎండలో పెట్టండి.

బండిలో అన్నీ కలిపేస్తున్నారు, మేము విడదీసి ప్రయోజనమేమిటి అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ముందు కిందికి దిగి బండిని చూడండి. చాలా ఆటోల్లో తడికి, పొడికి మధ్య అడ్డుపలక ఉంటుంది, పై అంతస్తు నుంచి చూస్తే అది కనిపించదు. నిజంగానే కలుపుతుంటే బండివారితో వాదించకండి. వారు పైవారు చెప్పినట్టు చేసేవారు, వారి జీతం, వేళలు వారి చేతిలో లేవు. సంఘం తరఫున పురపాలక కార్యాలయానికి రాయండి. ఈలోగా కాగితం, సీసాలు, లోహం పాత సామాన్లవారికి అమ్మండి, అవి ఎలాగూ బండి ఎక్కవు. ఇది మనకు చేతకానిదేమీ కాదు. సూర్యాపేట పురపాలక సంఘం 2000ల మొదట్లోనే ఇంటింటి నుంచి తడి, పొడి విడిగా సేకరించి, తడిదాన్ని ఎరువుగా మార్చి, పొడిదాన్ని అమ్మి దేశానికి చూపించింది.

5,000 చదరపు మీటర్లకు మించిన గేటెడ్ కాలనీలు తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే శుద్ధి చేసుకోవాలని 2016 నియమాలే చెప్పాయి. మీ అపార్టుమెంటు అంత పెద్దదైతే ఇదే 27 సెంటీమీటర్ల గడిని అందరిళ్లలోనూ పెట్టుకునేలా సంఘం సమావేశంలో ప్రతిపాదించండి. బకెట్లన్నీ ఒకే కొలతవైతే కిందికి దించే బండి ఒక్కటి చేయించుకోవచ్చు, నిండిన బకెట్ ఇచ్చి కడిగిన బకెట్ తీసుకోవచ్చు. ఒక్కో ఇంటి చెత్తను ఎవరూ చేత్తో ఒంపాల్సిన పనే ఉండదు.

నెల తర్వాత ఒకసారి చూడండి

ఏ డబ్బా రెండో రోజుకే పొంగుతోంది, ఏది వారమైనా సగానికి రావడం లేదు, ఏ వస్తువు పదేపదే తప్పు చోట పడుతోంది? పొంగే డబ్బా పక్క గడిని దానికే ఇవ్వండి. సగం కూడా నిండనిదాన్ని నిలువుగా అట్టతో రెండు భాగాలు చేసి రెండు రకాలకు వాడండి. తప్పు చోట పడే వస్తువు ఫొటో అసలు డబ్బా మీద ఉందో లేదో చూడండి, చాలావరకు ఉండదు. పెళ్లిళ్లు, పండగలు, చుట్టాల రాక ఉన్న వారాల్లో అర పక్క కొక్కేనికి రెండో సంచి తగిలిస్తే చాలు, అరను కదిలించనక్కర్లేదు. ఏడాదికోసారి, వానలు మొదలయ్యే ముందు, పలకలు తీసి చట్రం అతుకుల దగ్గర తుప్పు గోకి ఎనామెల్ ఒక పూత వేయండి. కాళ్ల రబ్బరు తొడుగులు పగిలి ఉంటే అప్పుడే మార్చేయండి.